పేరు దొరకాలి, బొమ్మ పోవాలి

శనివారం రాత్రి పదకొండింటికి నరసరావుపేట నుంచి ఫోన్ వచ్చింది. మా అమ్మ వాళ్ళ ఊరాయన, వరసకు బాబాయి. "పడుకున్నావామ్మా?" అని అడిగాడు గానీ నేను బదులిచ్చేలోపే ఆయన గొంతు పూడుకుపోయింది. వాళ్ళబ్బాయి మిస్సోరీలో ఒక చిన్న ఊళ్ళో ఎమ్మెస్ చదువుతున్నాడు. శుక్రవారం సాయంత్రం నుంచీ ఫోన్ ఎత్తట్లేదు. రూమ్మేట్లను అడిగితే "పని మీద వేరే ఊరెళ్ళాడంకుల్" అంటున్నారు. ఆ మాట అన్న తీరు ఆయనకు నచ్చలేదు.

రూమ్మేట్‌కి నేను చేశాను. కాసేపు నసిగి, "అక్కా, వాడి కారు హైవే పక్కన ఉందని ఎవరో చెప్పారు. వాడు లేడు. పోలీసులు తీసుకెళ్ళారేమో. అంకుల్‌కి ఎలా చెప్పాలో తెలియక అలా అన్నాం" అన్నాడు.

నేను కాన్సస్ సిటీలో ఉంటాను. ఆ ఊరు నాకు రెండు గంటల దూరం. పోలీసులు పట్టుకెళ్ళిన మనిషిని ఈ దేశంలో ఎక్కడ వెతకాలో ఆ రాత్రి వరకూ నాకూ తెలీదు. తర్వాత తెలిసింది. ఆ తర్వాత ఇలాంటి ఫోన్లు ఇంకా వచ్చాయి, ఒకరి నుంచి ఒకరికి నా నంబరు పాకింది. వెతకడం నేర్చుకునే కొద్దీ ఇంకో సంగతి కూడా అర్థమైంది. ఏ జాబితా వల్ల నాకు పిల్లలు దొరుకుతున్నారో, అదే జాబితా వాళ్ళని ఏళ్ళ తరబడి వెంటాడుతోంది. ఈ వ్యాసం ఆ రెండింటి గురించీ.

ముందు వెతకడం సంగతి చెబుతాను, ఎవరికైనా ఏ రాత్రైనా అవసరం పడవచ్చు.

అమెరికా మొత్తానికి అరెస్టుల జాబితా ఒకటి ఉంటుందని అందరం అనుకుంటాం. లేదు. ఈ దేశంలో మన జిల్లాల్లాంటి కౌంటీలు మూడు వేల పైచిలుకు ఉన్నాయి, ఒక్క మిస్సోరీలోనే 114. దాదాపు ప్రతి కౌంటీకీ ఓటేసి ఎన్నుకున్న షెరీఫ్, అంటే కౌంటీ పోలీసు అధికారి ఉంటాడు. జైలు ఆయన చేతి కింద ఉంటుంది. అరెస్టయిన మనిషి ముందు అక్కడికే వెళ్తాడు. పేరు, పుట్టిన తేదీ రాసుకుంటారు, వేలిముద్రలు, ఫోటో తీసుకుంటారు, జేబులో ఉన్నవి సంచిలో వేసి చీటీ రాస్తారు, నేరారోపణ ఏమిటో, బాండ్ (బెయిలుకి కట్టాల్సిన డబ్బు) ఎంతో నమోదు చేస్తారు. దీన్నే బుకింగ్ అంటారు. శిక్ష పడ్డవాళ్ళు ఏళ్ళకేళ్ళు ఉండేది రాష్ట్ర ప్రభుత్వపు జైలు, అది పూర్తిగా వేరు. వీళ్ళు మొదటిదాన్ని జైల్ అని, రెండోదాన్ని ప్రిజన్ అని అంటారు. మనకు రెండూ జైలే కాబట్టి చాలామంది ముందు రాష్ట్ర జైళ్ళ వెబ్‌సైట్‌లోనో, ఫెడరల్ జైళ్ళ వెబ్‌సైట్‌లోనో వెతికి, పేరు లేదని ఊపిరి పీల్చుకుంటారు. నేనూ ఆ రాత్రి అర గంట అక్కడే పోగొట్టుకున్నాను.

కాబట్టి మొదటి ప్రశ్న "ఎవరు" కాదు, "ఎక్కడ". కారు ఆగింది ఏ కౌంటీలో? ఊరి పేరు చాలదు, ఎందుకంటే ఊరు దాటి పది మైళ్ళు వెళ్తే కౌంటీ మారిపోతుంది. రూమ్మేట్‌తో కారు దగ్గరున్న ఎగ్జిట్ నంబరు చెప్పించుకుని మ్యాపులో కౌంటీ గీత చూశాను. మేము అనుకున్న కౌంటీ కాదు, దాని పక్కది.

ఆ కౌంటీ షెరీఫ్ పేజీలో ఖైదీల జాబితా ఉంది, రోస్టర్ అంటారు. పంతొమ్మిది మంది పేర్లు. మనవాడు లేడు.

పల్లె కౌంటీల్లో రోస్టరు ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. కొన్నిచోట్ల పావుగంటకోసారి తాజా అవుతుంది. కొన్నిచోట్ల సోమవారం పొద్దున ఆఫీసు తెరిచాక ఎవరో పీడీఎఫ్ పెడతారు. కొన్నిచోట్ల ఫేస్‌బుక్ పేజీయే రోస్టరు. కొన్నిచోట్ల ఏమీ లేదు, ఫోన్ చేయడమే. ఇంకో చిక్కు, జైలు నడపడం చిన్న కౌంటీలకు మోయలేని ఖర్చు. తమ ఖైదీలను పక్క కౌంటీ జైల్లో డబ్బిచ్చి ఉంచుతారు, లేదా నాలుగైదు కౌంటీలు కలిసి ఒక జైలు వాడుకుంటాయి. మిస్సోరీ వాయవ్య మూలలో డేవిస్, డికాబ్ కౌంటీల ప్రాంతీయ జైలు అలాంటిదే. అంటే అరెస్టు ఒక కౌంటీలో, మనిషి ఇంకో కౌంటీలో, పేరు మూడో చోట. హైవే పెట్రోల్, అంటే రాష్ట్ర రహదారి పోలీసులు అరెస్టు చేస్తే ఆ వివరం వాళ్ళ సొంత పేజీలో కొద్ది రోజులు కనిపిస్తుంది. షెరీఫ్ పేజీలో లేనిది ఒక్కోసారి అక్కడ దొరుకుతుంది.

అర్ధరాత్రి దాటాక జైలుకి ఫోన్ చేశాను. అత్యవసర నంబరు 911 కాదు, షెరీఫ్ ఆఫీసు మామూలు నంబరు. చిన్న కౌంటీల్లో ఆ వేళ ఫోన్ ఎత్తేది అత్యవసర కాల్స్ చూసుకునే డిస్పాచర్. ఆవిడ మర్యాదగానే మాట్లాడింది. పేరు చెప్పాను. లేడంది. అక్షరం అక్షరం చెప్పాను. లేడంది.

ఇక్కడ మన పేర్ల గురించి చెప్పాలి. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టేది దీనికే.

మన పిల్లవాడి పేరులో మూడు నాలుగు మాటలుంటాయి. ఇంటిపేరు ముందు వస్తుంది. పాస్‌పోర్టులో ఒకరికి ఇంటిపేరు సరైన గడిలో ఉంటుంది, ఒకరికి అసలు ఇంటిపేరు గడే ఖాళీ. ఖాళీగా ఉన్నవాళ్ళకు అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, "మొదటి పేరు తెలియదు" అని అర్థం. డ్రైవింగ్ లైసెన్సులో అదే వస్తుంది. కొన్ని లైసెన్సుల మీద చోటు చాలక చివరి మాట తెగిపోతుంది. జైల్లో బుకింగ్ చేసే అతను ఆ లైసెన్సు చూసి తనకు తోచినట్టు కొడతాడు. ఇంటిపేరు మధ్యలోకి వస్తుంది, మధ్య మాట ఇంటిపేరవుతుంది. పుట్టిన తేదీతో సరిచూద్దామంటే, అమ్మ చెప్పే తేదీ వేరు, పదో తరగతి సర్టిఫికెట్‌లో తేదీ వేరు. రికార్డుల్లో ఉండేది సర్టిఫికెట్ తేదీయే.

"ఈ వారాంతంలో వచ్చిన భారతీయ కుర్రాడెవరైనా ఉన్నాడా?" అని అడిగాను. అలా అడగడం నాకు ఇష్టం లేదు, కానీ అడిగాను. ఉన్నాడంది. పేరులోని మధ్య మాట ఇంటిపేరయి కూర్చుంది. మనిషి ఆ కౌంటీలో కూడా లేడు, ఇంకో కౌంటీ జైలుకి పంపారు. నంబరిచ్చింది.

అప్పటి నుంచీ నా దగ్గరొక పద్ధతి ఉంది. పేరులోని ప్రతి మాటనూ ఇంటిపేరుగా పెట్టి వెతుకుతాను, మొదటి మూడు నాలుగు అక్షరాలే కొడతాను. దొరక్కపోతే వైన్ అనే దానిలో చూస్తాను. అది రాష్ట్రంలోని చాలా జైళ్ళను ఒకేసారి వెతుకుతుంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది. తర్వాత కేస్‌నెట్, అంటే మిస్సోరీ కోర్టుల ఉచిత వెబ్‌సైట్. పాత వారంటు ఉంటే అక్కడ బయటపడుతుంది. ఇమిగ్రేషన్ వాళ్ళు తీసుకెళ్ళి ఉంటే వాళ్ళకు వేరే వెతుకులాట పేజీ ఉంది, దానికి ఏ-నంబరు (ఇమిగ్రేషన్ శాఖ విదేశీయుడికిచ్చే నంబరు) గానీ, పేరు గానీ, దానితో పాటు పుట్టిన దేశమూ కావాలి. జైలుకి ఫోన్ చేసినప్పుడు నాలుగే అడుగుతాను: మనిషి మీ దగ్గరున్నాడా, ఆరోపణ ఏమిటి, బాండ్ ఎంత, వేరే ఎవరైనా హోల్డ్ పెట్టారా, అంటే వదలొద్దని అడిగారా. ఆ నాలుగో ప్రశ్న మరిచిపోకూడదు. ఇమిగ్రేషన్ హోల్డ్ ఉంటే బాండ్ కట్టినా మనిషి ఇంటికి రాకపోవచ్చు. అప్పుడు ముందు వకీలు, తర్వాత డబ్బు.

కుర్రాడి కథ చాలా చిన్నది. ఏడాది కిందట స్పీడింగ్ టికెట్ వచ్చింది. ఇల్లు మారాడు, కోర్టు ఉత్తరాలు పాత ఇంటికి వెళ్ళాయి. హాజరు కాలేదని లైసెన్సు సస్పెండయింది, వారంటు వచ్చింది. శుక్రవారం వెనక లైటు వెలగట్లేదని ఆపారు. కంప్యూటర్లో కొట్టగానే వారంటు కనబడింది. వారంటు లేకుండా అరెస్టు చేస్తే మిస్సోరీలో 24 గంటల్లోగా కేసు పెట్టాలి, లేదా వదలాలి. వారంటు ఉంటే ఆ లెక్క వర్తించదు. వారాంతమంతా లోపలే.

మరి ఫోన్ ఎందుకు చేయలేదు? చేయమన్నారు. ఫోన్ సంచిలో పెట్టి సీల్ వేశాక, వాడికి ఎవరి నంబరూ గుర్తు లేదు. నాన్న నంబరొక్కటే గుర్తుంది, ఆ జైలు ఫోన్ నుంచి ఇండియాకి కాల్ వెళ్ళదు. మన పిల్లలకు నేను చెప్పేది ఇదొక్కటే: ఈ దేశంలో ఉన్న ఒక మనిషి ఫోన్ నంబరు నోటికి నేర్చుకోండి. ఇంకోటి కూడా. 1963 వియన్నా ఒప్పందం ప్రకారం అరెస్టయిన విదేశీయుడు తన కాన్సులేటుకి చెప్పమని అడగవచ్చు. కొన్ని దేశాల వాళ్ళయితే అడగకపోయినా అమెరికా అధికారులు చెప్పి తీరాలి. ఆ దేశాల పట్టికలో ఇండియా లేదు. మనవాళ్ళు నోరు తెరిచి అడగాలి.

ఆదివారం మధ్యాహ్నం మేమిద్దరం, నేనూ రూమ్మేటూ, బాండ్ కట్టి వాణ్ణి బయటికి తెచ్చాం. కారెక్కగానే వాడడిగిన మొదటి మాట, "అక్కా, నాన్నకి తెలిసిపోయిందా?"

తెలిసింది. మా ఫోన్ వల్లే కాదు. శనివారం రాత్రే ఎవరో ఆ రెండో జైలు రోస్టర్‌లో వాడి బొమ్మ, అంటే బుకింగ్‌లో తీసిన ఫోటో చూశారు. నారింజ రంగు చొక్కా, నిద్రలేని కళ్ళు. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో వేశారు. "మనవాడేనా?" అని కింద ప్రశ్న. నేను ఒక్కో కౌంటీకీ ఫోన్ చేస్తూ వెతుకుతున్నంతసేపూ ఆ బొమ్మ నరసరావుపేటకు వెళ్ళి తిరుగుతూనే ఉంది.

ఆ కోపంలో నేనూ కొన్నాళ్ళు అనుకున్నాను, ఈ జాబితాలన్నీ మూసేయాలని. ఇప్పటికీ నా స్నేహితుల్లో చాలామంది మాట అదే. నేను మాత్రం మనసు మార్చుకున్నాను. ఎందుకంటే మనిషిని పట్టుకెళ్ళి ఎక్కడ పెట్టారో చెప్పకపోతే ఏమవుతుందో తెలుగువాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. కన్నబిరాన్, బాలగోపాల్ లాంటి పౌరహక్కులవాళ్ళు, పట్టుకెళ్ళిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేసింది దేనికి? ఊళ్ళో నుంచి తీసుకెళ్ళిన కుర్రాడు ఏ స్టేషన్లో ఉన్నాడో పోలీసులు ఒప్పుకోనందుకు. ఆ రోజుల్లో పేరు ఒక కాగితం మీదికెక్కితే ప్రాణం దక్కినట్టే. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు, అరెస్టు సంగతి బంధువులకు చెప్పాలని, కంట్రోల్ రూము నోటీసు బోర్డు మీద పెట్టాలని ఆదేశించింది. ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షనూ అదే చెబుతుంది: అరెస్టయినవాళ్ళ పేర్లు, చిరునామాలు, నేర స్వభావం ప్రతి స్టేషన్లోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేట్టు ప్రదర్శించాలి, డిజిటల్‌గానైనా సరే. ఆ సెక్షను పుట్టింది జనం ఖైదీని చూడడానికి కాదు, పోలీసును కనిపెట్టుకుని ఉండడానికి.

అమెరికాలోనూ మనవాళ్ళకిది కొత్త కాదు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ అనే దొంగ యూనివర్సిటీ కేసులో 130 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. ఆ యూనివర్సిటీని ఎరగా పెట్టింది ఇమిగ్రేషన్ శాఖే. వాళ్ళలో 129 మంది భారతీయులు, ఎక్కువమంది తెలుగు పిల్లలు. దేశంలో తలా ఒక మూలనున్న నిర్బంధ కేంద్రాల్లో పెట్టారు. ఎంబసీ రాత్రీ పగలూ నడిచే హెల్ప్‌లైన్ తెరవాల్సి వచ్చింది. తెలుగు సంఘాల వాళ్ళు ఎవరు ఎక్కడున్నారో పేరుపేరునా వెతికారు. పేరు దొరకడం ఎంత పెద్ద సంగతో ఆ వారం ఫోన్ల దగ్గర కూర్చున్నవాళ్ళని అడగండి.

ఈ విషయం చదువుతూ పోతే కెంటకీలో జెఫర్సన్ కౌంటీ దగ్గర ఆగిపోయాను. అది పల్లె కాదు, లూయివిల్ నగరముండే కౌంటీ. కానీ ఈ వాదానికి రెండు కొసలూ అక్కడే ఉన్నాయి.

1972 క్రిస్మస్ ముందు అక్కడి పోలీసులు "షాపుల్లో దొంగతనాలు చేసేవాళ్ళు" అని పేర్లూ ఫోటోలూ అచ్చేసి ఎనిమిది వందల మంది దాకా వర్తకులకు పంచారు. అందులో ఒక పత్రికా ఫోటోగ్రాఫర్ ఉన్నాడు. అంతకు ముందు ఏడాది అరెస్టయ్యాడు, అంతే. నేరం రుజువు కాలేదు. కరపత్రం పంచిన కొన్నాళ్ళకే ఆ కేసూ కొట్టేశారు. అతను దావా వేశాడు. 1976లో సుప్రీంకోర్టు 5-3 తేడాతో, పరువు పోవడం ఒక్కటే రాజ్యాంగం కాపాడే హక్కుకు నష్టం కాదని తేల్చింది. ఇవాళ రోస్టరు బొమ్మల మీద ఎవరు కోర్టుకెళ్ళినా ఆ తీర్పు అడ్డొస్తుంది.

1993 డిసెంబరులో అదే కౌంటీలో ఒక అమ్మాయి తన 21వ పుట్టినరోజునే హత్యకు గురైంది. చంపినవాడు ఆమె మీద అత్యాచారం చేశాడన్న ఆరోపణతో జైల్లో ఉన్నవాడు. బెయిలు మీద బయటికొచ్చాడు. వాడు విడుదలైతే చెప్పమని ఆమె అడిగింది. ఎవరూ చెప్పలేదు. ఆ చావు తర్వాత మరుసటి ఏడాది ఆ కౌంటీలోనే, ఖైదీ విడుదలైతే బాధితులకు కబురు చెప్పే వైన్ మొదలైంది. నేను రాత్రుళ్ళు తెలుగు పిల్లల పేర్లు కొట్టి వెతికేది ఆ అమ్మాయి కోసం పుట్టినదానిలో.

ఇది తెలిశాక జాబితా మొత్తం మూసేయమని నేనెలా అనగలను? బాధితురాలికి తెలియాలి. తల్లిదండ్రులకు తెలియాలి. కానీ ఆ అమ్మాయికి కావలసింది ఒక సమాచారం, నరసరావుపేటలో తండ్రికి కావలసిందీ సమాచారమే. ఇద్దరిలో ఎవరికీ ఊరందరి ముందూ పెట్టిన బొమ్మ అక్కర్లేదు. లోపలున్నంతకాలం పేరు, ఆరోపణ, బాండ్, ఏ జైలు, ఎవరు అరెస్టు చేశారు, ఇవి బయట ఉండాలి. సెలవు రోజైనా ఆ రోజుకారోజు ఉండాలి, మన పేర్లు కూడా దొరికేట్టు ఉండాలి. మనిషి బయటికొచ్చాక అవి వెబ్ నుంచి దిగిపోవాలి.

బొమ్మ ఉంటేనే పోలీసు కొట్టాడో లేదో తెలుస్తుందని ఒక వకీలు నాతో అన్నారు. నిజమే. అందుకే బొమ్మ తీయవద్దనను. వకీలడిగితే, కుటుంబం అడిగితే ఇవ్వాలి. వెబ్‌లో వేలాడదీయడం వేరు. చేయలేని పనేమీ కాదిది. జార్జియాలో 2014 నుంచి పోలీసు శాఖలు బుకింగ్ ఫోటోలను వెబ్‌సైట్లో పెట్టకూడదు. కావాలన్నవాళ్ళు, డబ్బు తీసుకుని బొమ్మ తొలగించే సైటులో దాన్ని వేయబోమని రాసివ్వాలి. యూటాలో 2021 చట్టం ప్రకారం నేరం రుజువయ్యేదాకా బొమ్మ బయటికివ్వడం మామూలుగా కుదరదు. కాలిఫోర్నియాలో 2022 నుంచి, హింసలేని నేరాల అనుమానితుల బొమ్మలను పోలీసులు సోషల్ మీడియాలో పెట్టకూడదు. ఆ రాష్ట్రాల్లో నేరాలు విచారించడం ఆగిపోలేదు.

ఆ డబ్బు తీసుకునే సైట్ల గురించి ఒక మాట. రోస్టర్ల నుంచి బొమ్మలు ఏరుకుని తమ దగ్గర పెట్టుకుంటారు. తీయమంటే డబ్బడుగుతారు. 2018లో అలాంటి ఒక సైటు నడిపేవాళ్ళ మీద కాలిఫోర్నియా ప్రభుత్వం బలవంతపు వసూళ్ళ కేసు పెట్టింది. ఇంకో రకం దొంగలు రోస్టరు చూసి ఇంటివాళ్ళకే ఫోన్ చేస్తారు, షెరీఫ్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నామని, గిఫ్ట్ కార్డు కొని నంబరు చెబితే వదిలేస్తామని. కంగారులో ఉన్న తండ్రి నమ్ముతాడు. డబ్బు కట్టే ముందు జైలు నంబరుకి మీరే ఫోన్ చేయండి.

ఇక మన పిల్లల విషయంలో అరెస్టు అనే మాట ఎంత దూరం పోతుందో 2025 వసంతంలో చూశాం. విదేశీ విద్యార్థుల పేర్లు దాదాపు 13 లక్షలు ఎఫ్‌బీఐ డేటాబేసులో వేసి చూస్తే 6,400 దాకా సరిపోలాయని అధికారులే కోర్టులో చెప్పారు. ఇమిగ్రేషన్ శాఖ దగ్గరుండే వేల మంది విద్యార్థి రికార్డులు రద్దయ్యాయి. వాళ్ళలో కేసు కొట్టేసినవాళ్ళున్నారు, ట్రాఫిక్ కేసులవాళ్ళున్నారు. దావాలు పడ్డాక ఏప్రిల్ చివరికి తిరిగి నిలబెట్టారు గానీ, ఈలోపు భయపడి దేశం వదిలి వెళ్ళినవాళ్ళు వెళ్ళారు. వీసా దరఖాస్తులో ప్రశ్న కూడా "శిక్ష పడిందా" అని మాత్రమే కాదు, "ఎప్పుడైనా అరెస్టయ్యారా" అని. అందుకే కేసు ఎలా ముగిసినా సరే, తీర్పు నకలు కోర్టు క్లర్కు ముద్రతో తీసి దాచుకోమని ప్రతి ఒక్కరికీ చెబుతాను. అబద్ధం మాత్రం చెప్పవద్దు.

మనవాడి కేసు నాలుగు నెలల తర్వాత కొట్టేశారు. మిస్సోరీ చట్టం ప్రకారం కొట్టేసిన కేసు రికార్డు మూసేస్తారు, ఇప్పుడు కేస్‌నెట్‌లో వాడి పేరు కొడితే ఏమీ రాదు. అసలు అరెస్టయిన 30 రోజుల్లో కేసే పెట్టకపోతే అరెస్టు రిపోర్టు కూడా మూసేయాలని అక్కడ చట్టముంది. రాష్ట్రం తన తలుపు మూసింది. కానీ ఆ శనివారం రాత్రి గ్రూపులో బొమ్మ పెట్టిందెవరో మాకిప్పటికీ తెలీదు, దాన్ని ఎంతమంది ముందుకు పంపారో తెలీదు. ఆ గ్రూపులో నేనూ ఉన్నాను. మూడు వందల మందిమి ఉన్నాం, తీసేయమని ఆ రాత్రి ఒక్కరూ అనలేదు. నేను ఆదివారం సాయంత్రం దాకా చూడనే లేదు, చూశాక కూడా అడ్మిన్‌కి విడిగా మెసేజి పెట్టానే తప్ప అందరి ముందూ అనలేదు. అప్పుడు అనాల్సింది.

తర్వాత ఒక బొమ్మల సైటులో అది తేలింది. తీయమని మూడుసార్లు రాశాం, కోర్టు కాగితం జతచేసి. బాబాయి ఇప్పటికీ రెండు మూడు వారాలకోసారి ఫోన్ చేస్తాడు. పంటల గురించి, మా అమ్మ మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడాక, పెట్టేసే ముందు గొంతు తగ్గించి అడుగుతాడు: "అమ్మా, అది ఇంకా కనబడుతోందా?"

ఆయన అడిగినప్పుడల్లా వాడి పేరు కొట్టి చూస్తాను. నిన్న చూసినప్పుడు మొదటి పేజీలో లేదు, రెండో పేజీ చివర ఉంది.